డీ అండ్ డీ ఆటకు మ్యాప్ ఎలా గీయాలి: ప్రపంచం వద్దు, ఒక జిల్లా చాలు

డీ అండ్ డీ అంటే డంజియన్స్ అండ్ డ్రాగన్స్: టేబుల్ చుట్టూ కూర్చుని, ఒక్కొక్కరూ ఒక పాత్రగా సాహస కథ ఆడే ఆట. ఆ కథను నడిపించే గేమ్ మాస్టర్‌గా కొత్తగా మారుతున్నవాళ్లు రూల్ బుక్ గురించి అడిగేవాటికంటే మ్యాప్ గురించి అడిగే ప్రశ్నలే ఎక్కువ. "నాకు బొమ్మలు రావు, ఎలా?" "ఏ యాప్ కొనాలి?" "ఖండం మొత్తం గీసేశాను, ఇప్పుడు ఆట ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలి?" వీటిలో అసలు జబ్బు మూడోది. ఐదు రాజ్యాలు, రెండు మహాసముద్రాలు గీసి పెట్టుకున్నా, మొదటి ఆదివారం మీ ప్లేయర్లు తిరిగేది ఒక ఊరు, పక్కన అడవి, ఆ వెనకాల కొండ. ఊరి నుంచి ఆ కొండకు ఎన్ని రోజుల నడకో ఖండం మ్యాప్ చెప్పదు.

కాబట్టి ఇక్కడ చెప్పేది ఒక్క ఏ4 కాగితం మీద చేత్తో గీసే హెక్స్ మ్యాప్ గురించే. హెక్స్ అంటే ఆరు పలకల గడి. డంజియన్స్ అండ్ డ్రాగన్స్ 1974లో వచ్చినప్పుడే, బయట తిరిగే సాహసాలకు ఇలాంటి గడుల బోర్డు వాడుకోమంది. అదీ తన సొంత బోర్డు కాదు. 1972లో వచ్చిన 'ఔట్‌డోర్ సర్వైవల్' అనే వేరే బోర్డు గేమ్‌ది తెచ్చుకోమంది! హెక్స్‌తో లాభం ఏమిటంటే, చుట్టూ ఉన్న ఆరు గడులకీ దూరం ఒక్కటే. చదరపు గడుల్లో మూల మీదుగా వెళ్తే దూరం పెరుగుతుంది, లెక్క తేడా వస్తుంది. థియరీ ఇంతకుమించి అక్కర్లేదు.

మొదలుపెట్టే ముందు ఒక మాట. ఇది కొట్లాట మ్యాప్ కాదు. కొట్లాటకు వాడే మ్యాప్‌లో ఒక చదరం 5 అడుగులు, కాగితం మీద 1 అంగుళం. ఏ4లో అలాంటివి 8 × 11 చదరాలు పడతాయి, ఒక పెద్ద హాలు అంత. అది ఆ రోజు ఆటకు ఎప్పటికప్పుడు గీసుకునేది. ఈ రెండింటినీ ఒకే కాగితం మీద ఇరికించాలని చూడకండి.

ఏమేం కావాలి

- ఏ4 కాగితాలు నాలుగైదు. మరీ పల్చటి జిరాక్స్ పేపర్ కాకుండా కాస్త మందంగా ఉంటే చెరిపినా చిరగదు.
- హెచ్‌బీ పెన్సిల్, మంచి రబ్బరు, స్కేలు.
- నల్ల పెన్నులు రెండు: ఒకటి సన్నం, ఒకటి లావు. మామూలు బాల్ పెన్ కూడా పనికొస్తుంది. జెల్ పెన్ అయితే బాగా ఆరాకే రబ్బరు వాడండి, లేకపోతే అలికేస్తుంది.
- కలర్ పెన్సిళ్లు, ఇష్టమైతేనే. స్కెచ్ పెన్నులు వద్దు, వెనక వైపుకు దిగుతాయి.
- ఒక నోట్‌బుక్.
- దగ్గర్లో జిరాక్స్ షాపు.

యాప్ ఏదీ లేదని గమనించారా? దాని సంగతి చివర్లో చెప్తాను. మొదటి మ్యాప్ మాత్రం కాగితం మీదే గీయండి. యాప్‌లో వంద రకాల చెట్లు ఉంటాయి, వాటిలో ఏది బాగుందో చూసుకునే సరికి సాయంత్రం అయిపోతుంది.

కొలత ఎలా పెట్టుకోవాలి

డీ అండ్ డీ ఐదో ఎడిషన్ రూల్స్ ప్రకారం మామూలు నడక రోజుకు 24 మైళ్లు. అందుకే చాలామంది 6 మైళ్ల హెక్స్ వాడతారు, రోజుకు సరిగ్గా నాలుగు గడులు. కానీ మన బుర్రలో దూరాలు మైళ్లలో ఉండవు. మీరు హెక్స్‌కు 10 కిలోమీటర్లు పెట్టుకోండి. 24 మైళ్లంటే దాదాపు 39 కి.మీ. కనుక రోజుకు నాలుగు గడులన్న లెక్క చెక్కుచెదరదు. మెల్లగా, జాగ్రత్తగా నడిస్తే మూడు గడులు, పరుగు లాంటి నడకైతే ఐదు.

10 కి.మీ. గడి ఎంత పెద్దదో చాలామందికి తట్టదు. గోల్కొండ కోట నుంచి చార్మినార్‌కు తిన్నగా కొలిస్తే 8 కి.మీ. చిల్లర. రెండూ ఒకే గడిలో పట్టేస్తాయి. ఆ గడి విస్తీర్ణం 86 చదరపు కి.మీ. పైనే. "ఈ హెక్స్‌లో ఒక గుహ ఉంది" అని రాసుకుని, ప్లేయర్లు ఆ గడిలో అడుగు పెట్టగానే గుహ ముందు నిలబెట్టేయకండి. వెతుక్కోవాలి, ఎవరినైనా అడగాలి, లేదా ఆ దారి ఎవరో చూపించాలి.

గడి 2 సెం.మీ. ఉంటే ఏ4ను అడ్డంగా పెట్టినప్పుడు 15 నిలువు వరసలు, వరసకు 9 గడులు వస్తాయి. మొత్తం 135. నేల మీద అది అటు 130, ఇటు 90 కి.మీ., అంటే దాదాపు ఉమ్మడి గుంటూరు జిల్లా అంత. ఒక్క కాగితం మీద జిల్లా! అందులోని వాగులు, కొండలు, పాడుబడ్డ గుళ్లు, దొంగల దారులు అన్నీ తిరిగి రావాలంటే మీ ప్లేయర్లకు నెలలు పడుతుంది. హైదరాబాద్ నుంచి విజయవాడ రోడ్డు మీద 275 కి.మీ. దాకా ఉంటుంది. నడిచి వెళ్తే ఏడు రోజులు, మధ్యలో ఎవరూ మీద పడకపోతే.

1. గడులు సిద్ధం చేసుకోండి

'హెక్స్ గ్రాఫ్ పేపర్' అని వెతికితే ప్రింట్ తీసుకునేవి ఉచితంగా దొరుకుతాయి. ఎదురెదురు పలకల మధ్య 2 సెం.మీ. ఉన్నది, గీతలు లేత బూడిద రంగులో ఉన్నది ఎంచుకోండి. గీతలు నల్లగా ఉంటే మీరు గీసేదేదీ వాటి వెనక కనపడదు. ప్రింట్ షాపులో "యాక్చువల్ సైజ్, 100 శాతం" అని గట్టిగా చెప్పండి. "ఫిట్ టు పేజ్" పెట్టేస్తే కొలత మారిపోతుంది. చేతికి రాగానే స్కేలు పెట్టి ఒక గడి కొలవండి.

ప్రింటర్ అందుబాటులో లేదా? స్కూల్ గ్రాఫ్ షీట్ తీసుకోండి. 2 సెం.మీ. వెడల్పు, 1.7 సెం.మీ. ఎత్తు ఉన్న గడులు అడ్డ వరసల్లో గీసి, ఒక వరస విడిచి ఒక వరస సగం గడి పక్కకు జరపండి, గోడలో ఇటుకలు పేర్చినట్టు. ప్రతి ఇటుకకీ ఆరు పొరుగులు ఉంటాయి, దూరాలు కూడా దాదాపు సమానం. చూడ్డానికి హెక్స్ కాదు గానీ ఆటకు హెక్సే.

2. మొదటి ఊరు పెట్టండి

అందరూ కాగితం మధ్యలో చుక్క పెడతారు. లెక్క చూడండి: నిలువుగా 9 గడులే. మధ్యలో ఊరు ఉంటే పైకీ కిందికీ నాలుగేసి గడులు, అంటే ఒక్క రోజు నడకలో మీ మ్యాప్ అయిపోతుంది. ప్లేయర్లు రెండో సెషన్‌లోనే అంచు దాటి "ఇటు ఏముంది?" అంటారు.

ఊరిని ఎడమ లేదా కుడి అంచుకు మూడు గడుల లోపు పెట్టి, ఆ అంచును మూసేయండి. సముద్రమో, ఎక్కలేని కొండ వరసో ఉంటే చాలు. తెరిచి ఉన్న వైపు పది పన్నెండు గడులు దొరుకుతాయి. సాహసం అటు సాగుతుంది. ఈ దశలో అంతా పెన్సిలే.

3. ఎత్తు, నీళ్లు

మ్యాప్ నమ్మించేలా ఉందా లేదా అనేది ఇక్కడే తేలుతుంది. తొందరపడకండి.

ముందు కొండలు. తిన్నగా గోడ కట్టినట్టు కాకుండా వంకరగా, మధ్యలో ఒకటి రెండు కనుమలు వదిలి పెట్టండి. ఆ కనుమ దారులే రేపు ఆటలో దొంగలు కాపు కాసే చోట్లు. తర్వాత సముద్రం ఎటో ఖాయం చేసుకోండి. షీట్‌లో సముద్రం లేకపోతే, నీళ్లు ఏ అంచు నుంచి బయటికి పోతాయో అక్కడ బాణం గుర్తు వేసుకోండి.

ఇక నదులు. చిట్కా ఏమిటంటే, నదిని పుట్టిన చోటు నుంచి కాకుండా సముద్రంలో కలిసే చోటు నుంచి వెనక్కి గీయండి. పైకి వెళ్లే కొద్దీ పాయలుగా చీలుతూ కొండల్లో ముగుస్తుంది. ఇలా గీస్తే కింది తప్పుల్లో సగం వాటంతటవే తప్పిపోతాయి.

నదులు కిందికి వచ్చే కొద్దీ కలుస్తాయి, విడిపోవు. కృష్ణలో భీమ, తుంగభద్ర, మూసీ వచ్చి కలుస్తాయి. కృష్ణ దారి మధ్యలో చీలి రెండు వేర్వేరు సముద్రాలకు పోదు. చీలేది డెల్టాలోనే: గోదావరి ధవళేశ్వరం దాటాక గౌతమి, వసిష్ఠ పాయలుగా విడిపోతుంది. ఇంటర్నెట్‌లో కనిపించే ఫాంటసీ మ్యాపుల్లో మొదట దొరికిపోయే తప్పు ఇదే, ఒక సముద్రం నుంచి ఇంకో సముద్రానికి కాలువలా సాగే నది.

చెరువులు, సరస్సుల్లోకి ఎన్ని వాగులైనా రావచ్చు, బయటికి పోయే దారి మాత్రం ఒకటే ఉంచండి. కొల్లేరులోకి బుడమేరు, తమ్మిలేరు వస్తాయి. సముద్రానికి నీళ్లు తీసుకెళ్లేది ఉప్పుటేరు. బయటికి దారే లేని సరస్సు పెట్టాలనిపిస్తే పెట్టండి, కానీ అందులో నీళ్లు ఉప్పగా ఉంటాయి. తాగడానికి వెళ్లిన ప్లేయర్లకు అది మంచి షాక్.

నది దగ్గర్లో ఉన్న సముద్రానికే పోవాలని లేదు. గోదావరి పుట్టే త్రయంబకం నుంచి అరేబియా సముద్రం 80 కి.మీ. దూరమే. అయినా నేల తూర్పుకు వాలి ఉంది కనుక 1,465 కి.మీ. నడిచి బంగాళాఖాతంలో కలుస్తుంది. నది చూసేది వాలునే. అందుకే నది గీసిన ప్రతిచోటా అటూ ఇటూ నేల ఎటు వాలి ఉందో మనసులో అనుకోండి.

కొండల వరసను నది అడ్డంగా దాటడం మామూలుగా జరగదు. జరిగితే అది విశేషం: గోదావరి తూర్పు కనుమలను కోసుకుంటూ వచ్చే పాపికొండలు చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. మీ మ్యాప్‌లో అలాంటి ఇరుకు ఒక్కటి పెట్టండి, ఒక్కటే. కొండలకు అవతలికి పోవాలంటే పడవ తప్ప దారి లేదనండి. పడవ నడిపేవాడికి పాత పగ ఒకటి అంటగడితే ఒక సెషన్ తయారైనట్టే.

గీయడం ఎలా అంటారా? నది సముద్రం దగ్గర లావు గీత, పైకి వెళ్లే కొద్దీ సన్నం. గడి గీతల వెంట కాకుండా గడుల మధ్యలోంచి గీయండి. "మేం ఏ ఒడ్డున ఉన్నాం?" అని అడిగితే మాత్రం జవాబు రెడీగా ఉంచుకోండి. ఆ ప్రశ్న తప్పకుండా వస్తుంది.

4. అడవి ఎక్కడ, ఎండు నేల ఎక్కడ

కాగితం అంచున గాలి ఎటు నుంచి వీస్తుందో ఒక బాణం వేయండి. గాలి కొట్టే వైపు కొండ చరియలు పచ్చగా, అవతలి వైపు ఎండిపోయి ఉంటాయి. నైరుతి గాలులు పడమటి కనుమలకు అటువైపు కుమ్మరించి, ఇటు దాటేసరికి తడి తగ్గిపోబట్టే అనంతపురం అలా ఉంది. ఈ ఒక్క బాణంతో మ్యాప్‌లో సగం గడులు నిండిపోతాయి.

గడికి ఒక గుర్తు చాలు. అడవికి రెండు మూడు చిన్న చెట్లు, గుట్టలకు వంపు గీతలు, కొండకు ఒక త్రికోణం, చిత్తడికి అడ్డగీతల మీద గడ్డి పోచలు, మైదానానికి ఏమీ అక్కర్లేదు. ప్రతి చెట్టూ గీయకండి. బొమ్మలు రావని బాధపడేవాళ్లకు కావాల్సిన బొమ్మలు ఈ నాలుగే.

గుర్తుల పక్కనే నడక లెక్క కూడా ఖాయం చేసుకోండి. దారి, మైదానం: రోజుకు 4 గడులు. అడవి, గుట్టలు: 2. రూల్స్ ప్రకారం కష్టమైన నేల మీద వేగం సగం అవుతుంది కనుక. చిత్తడికీ పెద్ద కొండలకూ నేనైతే 1 పెడతాను. ఇది నా లెక్క, రూల్ బుక్‌ది కాదు, మీకు నచ్చితే వాడుకోండి.

5. ఊళ్లు, దారులు

ఊరు ఎక్కడ పడితే అక్కడ వెలవదు. రెండు నదులు కలిసే చోట, రేవు ఉన్న చోట, నది దాటే వీలున్న చోట, కనుమ దారి మొదట్లో, గని పక్కన వెలుస్తుంది. మ్యాప్‌లో అలాంటి చోట్లు వేలితో వెతకండి, ఏడెనిమిది దొరుకుతాయి. వాటిలో పెద్దది ఒకటి, మధ్యరకం రెండు, మిగతావి పల్లెలు.

అంత పెద్ద గడిలో, మంచి నేల అయితే, నిజానికి పల్లెలు చాలానే ఉంటాయి. అన్నీ గీయరు. సంతకు పోయి సాయంత్రానికి ఇంటికి తిరిగొచ్చే దూరంలో ఏదో ఒక ఊరు ఉంటుందని మీరు గుర్తుపెట్టుకుంటే సరిపోతుంది. ప్లేయర్లు "దగ్గర్లో ఊరేమైనా ఉందా?" అంటే మైదానంలో "ఉంది" అనే జవాబు. అడవిలో అయితే లేదు.

దారులు గీసేటప్పుడు ముఖ్యమైన రెండు చోట్ల మధ్య కనీసం రెండు మార్గాలు ఉండేలా చూడండి. ఒకటి దగ్గర కానీ భయం, ఇంకోటి దూరం కానీ భద్రం. ఊరి నుంచి కోటకు అడవి గుండా మూడు గడులు, ఏటి ఒడ్డున బండి దారిలో ఏడు గడులు అనుకుందాం. అడవిలో రోజున్నర, బండి దారిలో రెండు రోజులకు తక్కువ. తేడా పూటకు అటూ ఇటూ! ఇలా దగ్గరదగ్గరగా ఉంటేనే టేబుల్ దగ్గర వాదన మొదలవుతుంది. ఒక దారి అన్ని విధాలా మంచిదైతే అక్కడ నిర్ణయించడానికి ఏమీ లేదు, ఆ రెండో దారి గీయడమే దండగ.

6. వెళ్లి చూడాల్సిన చోట్లు

మొదటి ఊరి నుంచి ఒక రోజు నడకలో మూడు చోట్లు పెట్టండి, మూడూ మూడు దిక్కుల్లో. రెండు మూడు రోజుల దూరంలో ఇంకో ఐదారు. ఇంతే. 135 గడుల్లో వంద దాకా ఖాళీగా ఉన్నా ఫర్వాలేదు. వాటికి పులి, వాన, దారి తప్పిన గొర్రెల కాపరి లాంటివి డైస్ వేసి తేల్చుకోవచ్చు.

ప్రతి చోటుకూ నోట్‌బుక్‌లో మూడు మాటలు రాయండి: అక్కడ ఏముంది, ఎవరికి దానితో పని, ఊళ్లో జనం దాని గురించి ఏమనుకుంటున్నారు. మూడోది లేకపోతే ప్లేయర్లకు అక్కడికి వెళ్లే కారణమే ఉండదు. జనం అనుకునేది పూర్తిగా నిజం కానక్కర్లేదు. "కొండ మీద గుళ్లో రాత్రిపూట దీపం వెలుగుతోందట" అంటే చాలు.

ఆ మూడింటిలో ఒకటి దూరం నుంచి కనపడేదై ఉండాలి. చదును నేల మీద నిలబడ్డ మనిషికి నేల కనపడేది 5 కి.మీ. లోపే. మన 10 కి.మీ. గడి మధ్యలో నిలబడితే దాదాపు గడి అంచు దాకా. కానీ కొండ, గోపురం, పొగ అంతకంటే చాలా దూరం నుంచి కనపడతాయి. ఊరి చావిడి దగ్గర నుంచే ఒక ఒంటి కొండ కనపడుతోందని మొదటి అరగంటలో చెప్పండి. మీరు ఏమీ అనకుండానే ఎవరో ఒకరు అటు వెళ్దామంటారు.

7. నంబర్లు

ప్రతి గడికీ నాలుగు అంకెల నంబరు ఉంటే మంచిది. మొదటి రెండు నిలువు వరసవి, తర్వాతి రెండు ఆ వరసలో పై నుంచి ఎన్నో గడో. 0406 అంటే నాలుగో వరసలో ఆరోది. అన్ని గడుల్లో రాయక్కర్లేదు, అంచుల్లో అంకెలు వేసినా చాలు. నోట్‌బుక్‌లో వివరాలన్నీ ఈ నంబరు కిందే రాసుకోండి. మ్యాప్ మీద రాతలు తగ్గుతాయి.

8. పేర్లు

ఉచ్చారణ తిరగని, మధ్యలో కామా ఎగరేసిన పేర్లు పెడితే రెండో వారానికి ప్లేయర్లు "ఆ నల్ల కోట", "ఆ ముసలోడి ఊరు" అనే అంటారు. పలికేలా పెట్టండి. మీ ప్రపంచం మన నేల లాంటిదైతే పని ఇంకా సులువు: పేట అంటే వ్యాపారం, కోన అంటే కొండల మధ్య లోయ, లంక అంటే నది మధ్య దిబ్బ, గూడెం అంటే అడవి పక్క ఊరు. నక్కలకోన, ఉప్పులంక, పాతకోటపేట. పేరు వినగానే అక్కడ ఎలా ఉంటుందో సగం తెలిసిపోతుంది. ఒకే అక్షరంతో మొదలయ్యే రెండు ఊళ్లు పక్కపక్కన పెట్టకండి, టేబుల్ దగ్గర కలిపేస్తారు.

తెలుగులో రాసేవాళ్లకు ఇంకో జాగ్రత్త. ఇంగ్లిష్ మ్యాపుల్లో చూసి నది పేరును నది వంపు వెంట వంచి రాయాలని చాలామంది ప్రయత్నిస్తారు. మన అక్షరాలకు పైన గుణింతాలు, కింద వత్తులు ఉంటాయి. వంపులో అవి ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి, చదవలేం. అడ్డంగా రాయండి. వరసకు వరసకు మధ్య చోటు ఎక్కువ వదలండి. పేరు ముందు రాసి తర్వాత దాని చుట్టూ చెట్లు, కొండలు గీయడం ఇంకా మంచి పద్ధతి. అంతా గీశాక పేరుకు చోటు మిగలదు.

9. ఇంకు, కాపీలు

పెన్సిల్ గీతల మీద పెన్నుతో దిద్దండి: ముందు పేర్లు, తర్వాత నదులు, తీరం, తర్వాత గుర్తులు, చివరికి దారులు చుక్కల గీతలతో. ఆరాక పెన్సిల్ చెరపండి.

ఒక్క నిమిషం, గుర్తుంచుకోండి: ఇప్పటిదాకా రహస్యాలేవీ ఇంకు చేయకూడదు. అందరికీ తెలిసినవే ఇంకులో ఉండాలి. ఈ దశలో రెండు జిరాక్సులు తీయించండి. ఒకటి మీది, దాని మీద ఎర్ర పెన్నుతో గుహలు, దొంగల స్థావరాలు, అసలు నిజాలు రాసుకోండి. ఇంకోటి ప్లేయర్లది. ఒరిజినల్ ఫైల్లో పెట్టేయండి, రంగులు వేసేది జిరాక్స్ మీదే. రంగు పాడైతే మళ్లీ ఒక కాపీ తీసుకోవచ్చు.

ప్లేయర్ల కాపీలో దూరపు గడులు తెల్లకాగితం అంటించి జిరాక్స్ తీయిస్తే ఖాళీగా వస్తాయి. వాళ్లు తిరిగే కొద్దీ వాళ్లే పెన్సిల్‌తో గీసుకుంటారు. తప్పు గీసుకున్నా దిద్దకండి. వాళ్ల పాత్రలకు తెలిసింది అంతే.

మ్యాప్ పనిచేస్తుందా లేదా: చూసుకునే పద్ధతి

ప్రతి నది మీదా వేలు పెట్టి సముద్రం దాకా తీసుకెళ్లండి. ఎక్కడైనా వేలు ఎత్తాల్సి వచ్చినా, కొండ ఎక్కాల్సి వచ్చినా అక్కడ దిద్దండి.

తర్వాత ఊరి మీద ఒక రూపాయి బిళ్ల పెట్టి, మీరే ప్లేయర్ అనుకుని నాలుగు రోజులు నడపండి. ప్రతి రోజు చివరా ఏదైనా ఎంచుకోవాల్సి వచ్చిందా? రెండు రోజులు వరసగా "ఇంకొంచెం ముందుకు" తప్ప ఏమీ లేకపోతే ఆ వైపు ఒక చోటు జరపండి.

అసలు పరీక్ష మూడోది. ఆట గురించి ఏమీ తెలియని ఎవరికైనా ప్లేయర్ల కాపీ ఇచ్చి "నువ్వయితే ఎటు వెళ్తావు?" అని అడగండి. "ఇక్కడికి, ఎందుకంటే..." అంటే మ్యాప్ పనిచేస్తోంది. "చాలా బాగా గీశావు" అని తిరిగి ఇచ్చేస్తే పని ఇంకా మిగిలి ఉంది.

ఫోన్‌తో బ్లాక్ అండ్ వైట్ ఫొటో తీసి కూడా చూడండి. పేర్లు చదవగలుగుతున్నారా? సెషన్ జరిగేది ట్యూబ్ లైట్ కింద, చిప్స్ ప్యాకెట్ల మధ్య, ఎదురు వైపు కూర్చున్నవాళ్లకు తలకిందులుగా.

ఇంకా దొరికిపోయే తప్పులు

దూరాలన్నీ ఒకేలా ఉండడం. ప్రతి ఊరూ మూడు గడులకు ఒకటి చొప్పున ఉంటే అది బస్ స్టాపుల పట్టిక అవుతుంది. రెండు ఊళ్లు ఆనుకుని ఉండనివ్వండి, ఇంకోచోట రెండు రోజులు మనిషి జాడే లేకుండా చేయండి.

ప్లేయర్ల కాపీలో ఒక్క గడి మాత్రం అనుమానంగా ఖాళీగా వదలడం కూడా మామూలే. చుట్టూ అడవి గీసి మధ్యలో ఒక గడి వదిలేస్తే అక్కడ ఏదో ఉందని ఎవరికైనా అర్థమవుతుంది. దాచాలంటే ఆ గడిలో కూడా అందరిలాగే అడవి గీయండి.

కోట లోపలి గదుల మ్యాప్ ముందే గీసేయడం ఇంకోటి. వాళ్లు అటు వెళ్లకపోవచ్చు. వచ్చే సెషన్‌లో ఎటు వెళ్తారో ఈ సెషన్ చివర్లో అడిగి తెలుసుకోండి, అదొక్కటే గీయండి.

కంప్యూటర్ మీద చేయాలనుకుంటే

బ్రౌజర్‌లో నడిచే ఇంకార్నేట్, ఒకసారి కొంటే సరిపోయే వండర్‌డ్రాఫ్ట్ రెండూ బాగానే ఉంటాయి. అజ్‌గార్ ఫాంటసీ మ్యాప్ జనరేటర్ ఉచితం. నొక్కగానే ప్రపంచం మొత్తం ఇస్తుంది, అందులోంచి ఒక మూల కత్తిరించి వాడుకోవచ్చు. మళ్లీ ప్రపంచం మాయలో పడకుండా ఉండగలిగితే. పట్టణం వీధులు అప్పటికప్పుడు కావాలంటే వాటబౌ సిటీ జనరేటర్ చూడండి.

కొన్ని ప్రోగ్రాముల్లో తెలుగు పేర్లు టైప్ చేస్తే వత్తులు విడిపోయి పక్కన నిలబడతాయి. ఫాంట్ మార్చి లాభం లేదు. పేర్లు లేకుండా మ్యాప్ సేవ్ చేసి, బొమ్మలు గీసే ప్రోగ్రామ్ ఇంక్‌స్కేప్‌లో తెరిచి అక్కడ పేర్లు పెట్టండి. అది కూడా ఉచితమే. చిన్న సైజులో మండలి ఫాంట్ స్పష్టంగా కనపడుతుంది.

ఫ్రెండ్స్ వేరే ఊళ్లలో, వేరే దేశాల్లో ఉంటే చేత్తో గీసినదాన్నే ఫోన్ స్కానర్ యాప్‌తో తీసి ఆన్‌లైన్‌లో కలిసి ఆడుకునే సైట్లు ఔల్‌బేర్ రోడియోలోనో రోల్20లోనో పెట్టండి. అక్కడి గ్రిడ్ ఆపేయండి. మీ చేతి గడులూ సైట్ గడులూ కలవడానికి కుస్తీ పడడం దండగ. తిరగని చోట్లను కప్పి ఉంచే సౌకర్యం రెండింటిలోనూ ఉంది.

రెండో షీట్

ప్లేయర్లు అంచుకు రెండు గడుల దూరంలోకి వచ్చినప్పుడే కొత్త కాగితం తీయండి, అంతకు ముందు వద్దు. పాత షీట్ అంచును కొత్తదాని పక్కన పెట్టి, నది, దారి, కొండ వరస ఏ గడిలో అంచు దాటుతున్నాయో ఆ నంబర్లు కొత్త కాగితం అంచున పెన్సిల్‌తో రాసుకోండి. నది ఏ గడిలో బయటికి పోయిందో సరిగ్గా ఆ పక్క గడిలోనే లోపలికి రావాలి. గాలి బాణం కూడా అదే దిక్కులో వేయండి. ఆ తర్వాత మళ్లీ మూడో మెట్టు నుంచి మొదలు.